కొత్త పికప్‌లు, కంపెనీల నిర్ణయాలు: పరీక్షకి నిలబడిన ఇంజన్‌ని ఎందుకు తీసేస్తారు?

ట్రెయిలర్ తాత:

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్ళుగా నేను పికప్ ట్రక్కు తప్ప వేరే బండి నడపలేదు. కొత్త మోడల్ వచ్చిందంటే బ్రోచర్ చదవకుండా నిద్రపట్టదు. అందుకే గత రెండు మూడేళ్ళుగా కంపెనీలు చేస్తున్న పని చూస్తే కడుపు మండుతోంది. మనసులో ఉన్నది ఇక్కడ చెప్పేస్తాను.

2025 మోడల్‌కి ర్యామ్ కంపెనీ వాళ్ళు తమ 1500 పికప్ నుంచి 5.7 లీటర్ల హెమీ అనే వి8ని, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ని తీసేశారు. దాని చోట 3 లీటర్ల హరికేన్ అనే ఇంజన్ పెట్టారు. ఆరు సిలిండర్లు వరసగా, ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోలు రెండు. కాగితం మీద కొత్తదే గెలిచింది. హెమీది 395 హార్స్‌పవర్ అయితే మామూలు హరికేన్‌ది 420, హై అవుట్‌పుట్ రకానిది 540. అయినా ఏమైంది? 2025 జూన్‌లో, 2026 మోడల్‌కి హెమీ మళ్ళీ ఇస్తున్నామని వాళ్ళే ప్రకటించారు.

ఇదంతా వి8 శబ్దం మీద మోజు అని చాలామంది కొట్టిపారేస్తున్నారు. నేను ఒప్పుకోను. హెమీకి జబ్బులు లేవా అంటే ఉన్నాయి. కానీ ఏ మైలేజీ దగ్గర ఏది పోతుందో, దానికి ఏం చేయాలో ప్రతి మెకానిక్‌కీ కంఠతా వచ్చు. తెలిసిన జబ్బుకి మందు ఉంటుంది. బండితో బతికేవాడు కొనేది ఆ ధైర్యాన్ని. వారం రోజులు బండి షెడ్డులో ఉంటే ఆ వారం సంపాదన ఉండదు, 540 హార్స్‌పవర్ వచ్చి అన్నం పెట్టదు.

టయోటా 2022లో తన టండ్రా పికప్‌కి అదే చేసింది. ఎంతో మంచి పేరున్న 5.7 వి8 పోయి, 3.4 లీటర్ల ట్విన్ టర్బో వి6 వచ్చింది. 2024లో లక్షకు పైగా బండ్లకి రీకాల్, అంటే బాగుచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. తయారీ సమయంలో ఇంజన్ లోపల మిగిలిపోయిన లోహపు చెత్త వల్ల మెయిన్ బేరింగులు దెబ్బతినే ప్రమాదం ఉందన్నారు. కంపెనీ టయోటా కాబట్టి ఎవరూ ఊహించలేదు.

కొత్త టెక్నాలజీ వద్దని నేను అనను. టర్బో రానివ్వండి, కరెంటు బండి రానివ్వండి. నేను అడిగేది ఒక్కటే. కొత్తది జనం చేతిలో కనీసం మూడు నాలుగేళ్ళు బరువు లాగి నిలబడేదాకా పాతదాన్ని పక్కనే ఉంచండి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాం. వీళ్ళు ఏటి మధ్యలోనే తగలేస్తున్నారు.

డీజిల్ గుండె:

తాత గారూ, నూటికి నూరుపాళ్ళు నిజం. మీరు చెప్పిన పద్ధతిలో చేసిన కంపెనీ కూడా ఉంది. 2011 మోడల్ ఎఫ్-150 పికప్‌లో ఫోర్డ్ 3.5 ఎకోబూస్ట్ అనే టర్బో వి6 తెచ్చినప్పుడు పక్కనే 5.0 వి8 కూడా పెట్టింది. టర్బో వి6 ట్రక్కుకి పనికిరాదని అప్పుడు అందరూ అన్నారు. ఫోర్డ్ ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. రెండూ షోరూములో ఉంచి, నచ్చింది కొనుక్కోమంది. కొన్నాళ్ళకి జనమే ఎకోబూస్ట్ వైపు వెళ్ళారు. 5.0 ఇప్పటికీ దొరుకుతోంది.

2020లో ఫోర్డ్ పెద్ద ట్రక్కు సూపర్ డ్యూటీకి 7.3 లీటర్ల పెట్రోల్ వి8 వచ్చింది చూడండి, జనం గాడ్జిల్లా అంటారు. పోత ఇనుము బ్లాకు, పుష్‌రాడ్లు, టర్బో లేదు. కొత్త ఇంజనే కానీ పాత బుద్ధితో చేశారు. బరువు మోసే బండికి అదే కావాలి.

నట్టూబోల్టూ:

నేను మెకానిక్‌ని. షెడ్డులో చూసింది చెప్తాను. కంపెనీ పేరు మాత్రం రాయను.

పోయిన ఏడాది ఒకాయన కొత్త ట్రక్కు తెచ్చాడు, ఇరవై వేల మైళ్ళు కూడా తిరగలేదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కింద నుంచి టక టక మని సన్నటి శబ్దం, వేడెక్కాక పోతుంది. ఆయిల్ దించాను, రంగు బాగానే ఉంది. అనుమానం తీరక ఫిల్టర్‌ని కట్టర్‌తో గుండ్రంగా కోసి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పి తెల్లటి ట్రేలో పరిచాను. ఆయిల్ కారిపోయాక మడతల అడుగున సన్నగా మెరుపు కనిపించింది. అయస్కాంతం పెడితే కొన్ని అంటుకున్నాయి, చాలా వరకు అంటుకోలేదు. అంటుకోనిది బేరింగ్ లోహం. ఆ ట్రే ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. 72 నెలల లోను తీసుకుని కొన్న బండి అది.

ఇక అందరికీ తెలిసిన జీఎం (జనరల్ మోటార్స్) 6.2 వి8 సంగతి. 2025 ఏప్రిల్‌లో ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లకి రీకాల్ వచ్చింది. 2021 నుంచి 2024 దాకా వచ్చిన సిల్వరాడో, సియెర్రా పికప్‌లు, వాటితోపాటు పెద్ద ఎస్‌యూవీలు. కనెక్టింగ్ రాడ్, క్రాంక్‌షాఫ్ట్ తయారీలో లోపాలు. పరీక్షలో తేడా ఉన్న ఇంజన్‌ని మారుస్తారు. బాగున్నదానికి పలచటి 0డబ్ల్యు-20 తీసేసి చిక్కటి 0డబ్ల్యు-40 ఆయిల్ పోసి పంపుతారు.

ఈ ఆయిల్ మార్పు గురించి ఆలోచించండి. ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, బేరింగ్‌ని తాకకుండా ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. ఆయిల్ పలచనైతే ఆ పొర కూడా పలచనవుతుంది. రాపిడి తగ్గి ఇంధనం కొద్దిగా మిగులుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే దానితో ఏ ఇబ్బందీ లేదు. కానీ బేరింగ్ కొలతలో వెంట్రుక వాసి తేడా వచ్చినా, గుట్ట మీదికి ట్రెయిలర్ లాగుతూ ఆయిల్ బాగా వేడెక్కినా, ఆ పలుచటి పొర ఆదుకోదు. చిక్కటి ఆయిల్ కొంత తప్పుని కప్పుతుంది. అంటే ఇన్నాళ్ళూ ఆ ఇంజన్‌కి తప్పు చేసే వెసులుబాటే లేకుండా పోయింది. ఈ తప్పు వి8ది కాదు, వి6ది కాదు. ఇంజన్‌ని అంచు మీద నిలబెట్టిన నిర్ణయానిది.

లెక్కల మాస్టారు:

నట్టూబోల్టూ గారు చెప్పిన పలచటి ఆయిల్ ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఒక్క బండికి మిగిలే ఇంధనం ఒక శాతం కూడా ఉండకపోవచ్చు. కానీ అమెరికాలో మైలేజీ నిబంధన ఒక్కో బండికి విడిగా ఉండదు, కంపెనీ అమ్మిన బండ్లన్నిటి సగటు మీద ఉంటుంది. లక్షల బండ్ల మీద ఆ అర శాతం కంపెనీకి చాలా పెద్ద సంగతి.

ఆ నిబంధనలోనే ఇంకో మెలిక ఉంది. బండి ఎంత మైలేజీ ఇవ్వాలన్నది దాని చక్రాల మధ్య వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. పెద్ద బండికి లక్ష్యం తక్కువ, చిన్నదానికి ఎక్కువ. చిన్న పికప్ చేసేవాడి మెడకే ఉచ్చు బిగుసుకుంది. దీనికి తోడు 1964 నుంచి దిగుమతి పికప్‌ల మీద 25 శాతం సుంకం ఉంది, దాన్ని చికెన్ ట్యాక్స్ అంటారు. యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం పెంచారని బదులుగా వేసింది. కోళ్ళ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, ట్రక్కు మీద సుంకం మాత్రం ఉండిపోయింది. బయటి నుంచి చిన్న పికప్‌లు రావు, ఇక్కడివాళ్ళు చెయ్యరు. 2011 తర్వాత ఫోర్డ్ చిన్న పికప్ రేంజర్ కూడా అమెరికాలో ఆగిపోయి, మళ్ళీ 2019లో పెద్దదై వచ్చింది.

2025 జూలైలో వచ్చిన చట్టంతో మైలేజీ నిబంధన తప్పినందుకు వేసే జరిమానా సున్నా అయింది. హెమీ తిరిగి రావడంలో కొనేవాళ్ళ కోపానికి ఎంత వాటా ఉందో, మారుతున్న ఈ గాలికీ అంత వాటా ఉందని నా నమ్మకం. తాత గారూ, కంపెనీ బుద్ధి మారిందని మాత్రం అనుకోకండి.

ట్రెయిలర్ తాత:

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. నిబంధన ఒత్తిడి నిజమే. కానీ అదే నిబంధన కింద ఫోర్డ్ 5.0ని ఉంచగలిగింది కదా. ఒత్తిడి అందరికీ ఒకటే, తలవంచడంలోనే తేడా.

మార్పు మార్పు:

పెద్దలకి అడ్డు చెప్తున్నానని అనుకోవద్దు. తాత గారి సూత్రం ప్రకారం పోతే 2015 ఎఫ్-150 వచ్చేదే కాదు. ఫోర్డ్ ఉక్కు బాడీని ఒక్కసారిగా వదిలేసి అల్యూమినియం పెట్టింది. పాతది పక్కన ఉంచలేదు. అప్పుడు ఎంత గొడవ! కోక్ డబ్బాలాగా సొట్ట పడుతుందన్నారు, బాగుచేసేవాడు దొరకడన్నారు. బండి 700 పౌండ్ల దాకా తేలికైంది. తుప్పు బాధ తగ్గింది. ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు, ఆ మార్పు తర్వాత కూడా ఆ స్థానం పోలేదు. ఒక్కోసారి కంపెనీ తెగించాలి. అందరినీ అడిగి చేస్తే ఏదీ మారదు.

ట్రెయిలర్ తాత:

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. రాత్రంతా దీని గురించే ఆలోచించాను. నా మాట కొంచెం సవరించుకుంటాను. బాడీకి సొట్ట పడితే బండి రోడ్డు మీద ఆగిపోదు. ఇంజన్, గేరుబాక్స్ అలా కాదు, అవి పోతే ఇంటికి చేరలేం. కాబట్టి నేను పట్టుబట్టేది ఆ రెండిటి గురించే. అల్యూమినియం విషయంలో అప్పట్లో నేనూ వద్దన్నవాణ్ణే. నాదే తప్పు.

బ్యాటరీ బాబు:

కరెంటు బండ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. నాది ఫోర్డ్ కరెంటు పికప్, ఎఫ్-150 లైట్నింగ్. మొన్న తుపానుకి రెండు రోజులు కరెంటు పోతే, బెడ్‌లో, అంటే వెనక సామాన్ల తొట్టిలో ఉన్న ప్లగ్గుల నుంచి వైరు లాగి ఫ్రిజ్, బోరు మోటరు, లైట్లు అన్నీ నడిపించాను. 9.6 కిలోవాట్ల పవర్ అంటే చిన్న విషయం కాదు. ముందు బానెట్ ఎత్తితే ఇంజన్ ఉండదు, సామాన్లు పెట్టుకునే పెద్ద పెట్టె ఉంటుంది. రోజూ పనికి వెళ్ళి రావడానికి ఇంతకన్నా సుఖమైన ట్రక్కు నేను నడపలేదు.

ట్రెయిలర్ కడితే మాత్రం రేంజ్ (ఒక ఛార్జ్‌తో వెళ్ళే దూరం) దాదాపు సగానికి పడిపోతుంది. బరువుకన్నా గాలి దెబ్బ ఎక్కువ, ఎత్తైన పెట్టె లాంటి ట్రెయిలర్ అయితే మరీ. అదీ సర్దుకుంటాం, కానీ ఛార్జింగ్ చోట ట్రెయిలర్‌తో సహా నిలబెట్టే జాగా ఉండదు. వానలో దిగి ట్రెయిలర్ విప్పి, ఛార్జ్ చేసి, వెనక్కి వచ్చి మళ్ళీ కట్టుకోవాలి. పెట్రోల్ బంకులో ఎవరైనా ఇలా చేస్తారా?

2025 డిసెంబరులో ఫోర్డ్ ఈ బండిని ఆపేసింది. తర్వాతిదానికి బ్యాటరీతోపాటు ఛార్జ్ చేసే ఇంజన్ కూడా పెడతామంటోంది. దానికి మూడు నెలల ముందే ర్యామ్ తన పూర్తి బ్యాటరీ పికప్‌ని వదిలేసి ఇదే దారి పట్టింది. నా బండి ఆగిపోయినందుకు బాధగానే ఉంది. కానీ లాగే పనికి అదే సరైన దారి అని ఒప్పుకుంటున్నాను. లైట్నింగ్ ధర 2021లో 40 వేల డాలర్ల లోపు నుంచి మొదలన్నారు, ఆ ధర ఎక్కువ కాలం నిలవలేదు. టెస్లా వాళ్ళ సైబర్‌ట్రక్ కూడా అంతే. 2019లో 39,900 అని చూపించి, 2023 నవంబరులో డెలివరీలు మొదలయ్యేసరికి 60 వేలు దాటించారు. మాట ఇచ్చిన ధర నిలబెట్టుకోలేకపోవడం ఇంజన్ పోవడం కన్నా తక్కువ తప్పేమీ కాదు.

చిన్నబండి చాలు:

ధర అన్నారు కాబట్టి. 2022 మోడల్‌గా ఫోర్డ్ చిన్న పికప్ మావెరిక్ వచ్చినప్పుడు 19,995 డాలర్లు, హైబ్రిడ్ ఇంజన్ దాంట్లోనే. జనం ఎంత ఆకలితో ఉన్నారంటే 2022 జనవరికల్లా ఫోర్డ్ ఆర్డర్లు తీసుకోవడమే ఆపాల్సి వచ్చింది. నాలుగున్నర అడుగుల బెడ్, 1,500 పౌండ్లు మోస్తుంది. నాకున్న పనికి ఇంకేం కావాలి? 2025 కల్లా మొదటి ధరే 26 వేలు దాటింది. చవక బండి హిట్ అవగానే దాన్ని చవకగా ఉండనివ్వరు, ఇదే నాకు అర్థం కాదు.

స్లేట్ అనే కొత్త కంపెనీ కరెంటు పికప్ మీద ఆశ పెట్టుకున్నాను. రెండు తలుపులు, చేత్తో తిప్పే కిటికీలు, టచ్‌స్క్రీన్ లేదు, రంగు వేయని ప్యానెళ్ళు. 2025 ఏప్రిల్‌లో చూపించినప్పుడు ప్రభుత్వ రాయితీ పోను 20 వేల లోపే అన్నారు. ఆ 7,500 డాలర్ల రాయితీ సెప్టెంబరు 30తో అయిపోయింది. అయినా ఆ ఆలోచన నాకు నచ్చింది. ట్రక్కులో ఏం తీసేయొచ్చో కూర్చుని ఆలోచించినవాళ్ళు చాలా ఏళ్ళ తర్వాత కనిపించారు.

కొత్తబండి:

అన్నలందరికీ నమస్తే. రెండు రోజులుగా చదువుతున్నాను, చాలా నేర్చుకున్నాను. నాకు ఒక సలహా కావాలి. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ట్రావెల్ ట్రెయిలర్ ఉంది. సామాన్లు నింపితే 6,800 పౌండ్లు. షోరూము అతను టాప్ మోడల్ చూపించి 11 వేల పౌండ్లు లాగుతుంది, కళ్ళు మూసుకుని తీసుకోండి అన్నాడు. తీసుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.

ట్రెయిలర్ తాత:

బాబూ, సంతకం పెట్టకు. ముందు ఇది చదువు.

డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే చోట స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఉంటుంది. టైర్ల గాలి ఎంత ఉండాలో రాసి ఉండేదే. అందులో ఒక వాక్యం ఉంటుంది: మనుషులు, సామాన్లు కలిపి బరువు ఇంతకు మించకూడదు అని. ఆ అంకే నీ పేలోడ్, అంటే బండి మోయగల బరువు. బ్రోచర్‌లోది కాదు, ఆ ఒక్క బండిది. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, కరెంటు మెట్లు అన్నీ ఆ అంకెలోంచే తింటాయి. ఒకే మోడల్, ఒకే రంగు, పక్కపక్కన నిలబెట్టిన రెండు బండ్లకి ఒకదానికి 1,300, ఇంకోదానికి 1,850 ఉండటం నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు నీ లెక్క. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రెయిలర్ తగిలించే చోట కూర్చుంటుంది. 13 శాతం వేసుకుంటే 884 పౌండ్లు. నలుగురు మనుషులు 620 అనుకుందాం. హిచ్ సామాను 80. బెడ్‌లో జనరేటరు, కూలరు, ఇతర సామాన్లు 150. మొత్తం 1,734. టాప్ మోడల్ స్టిక్కర్ మీద ఎంతుందో చూసి రా.

11 వేల అంకె అబద్ధం కాదు. కంపెనీలు ఇప్పుడు పాటించే జె2807 అనే ప్రమాణంలో బండిలో ఇద్దరే ఉంటారు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. భార్యాపిల్లలు, కూలరు ఆ లెక్కలో లేరు. ఆ అంకెని పోస్టరంత పెద్దగా రాసి, అసలు అంకెని తలుపు సందులో అగ్గిపెట్టెంత స్టిక్కర్ మీద పెట్టడం నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే నిర్ణయం. వి8 తీసేసినా సర్దుకుంటానేమో కానీ దీన్ని క్షమించలేను. కుటుంబాలు కొండ దారుల్లో దిగేటప్పుడు ఆ తేడా బ్రేకుల మీద పడుతుంది.

కొత్తబండి:

వెళ్ళి చూశాను అన్నా. టాప్ మోడల్ స్టిక్కర్ మీద 1,390. నా లెక్కకి 344 పౌండ్లు తక్కువ! షోరూము అతనికి చూపిస్తే, అది టైర్ల స్టిక్కర్ సార్, పట్టించుకోకండి అన్నాడు. బయటికి వచ్చి లాట్‌లో ఉన్న పదకొండు బండ్ల తలుపులు ఒక్కొక్కటే తీసి ఫోన్‌లో రాసుకున్నాను. చివరి వరసలో రెండో రకం మోడల్ ఒకటి ఉంది. గుడ్డ సీట్లు, పనోరమిక్ రూఫ్ లేదు, ఉక్కు చక్రాలు. 1,865.

నట్టూబోల్టూ:

అదే తీసుకో తమ్ముడూ. గుడ్డ సీటు ఎండకి కాలదు కూడా. మొదటి ఆయిల్ పుస్తకంలో రాసిన దూరం దాకా ఆగకుండా వెయ్యి మైళ్ళకే మార్చు. దించిన ఫిల్టర్ పారేయకుండా ఉంచు, ఎలా కోసి చూడాలో చెప్తాను.

మార్పు మార్పు:

కొత్తబండి గారూ, ఆ బండిలో ఏ ఇంజన్?

కొత్తబండి:

టర్బో వి6 అన్నా. వి8 పెట్టినది కూడా ఉంది కానీ దాని స్టిక్కర్ 1,610. తాత గారు ఏమంటారో అని భయపడుతూనే రాస్తున్నాను.

ట్రెయిలర్ తాత:

భయమెందుకు బాబూ. ఆ టర్బో వి6 కొత్తగా వచ్చింది కాదు, పదేళ్ళకు పైగా జనం లాగి చూసిన ఇంజన్. పక్కనే వి8 ఉన్నా నీ పనికి ఇది సరిపోయిందని నువ్వు ఎంచుకున్నావు. నేను మొదటి నుంచి అడుగుతున్నది ఆ ఎంచుకునే అవకాశమే. బండి వచ్చాక కుటుంబాన్ని ఎక్కించి, ట్రెయిలర్ కట్టి, నీళ్ళ ట్యాంకు నింపి, లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్ళు. మూడు అంకెలు వస్తాయి, ఇక్కడ పెట్టు.

కొత్తబండి:

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. ఇవాళ కాటా వేయించాను. ముందు ఇరుసు 3,140. వెనక ఇరుసు 3,820. ట్రెయిలర్ ఇరుసులు 5,940. ట్రక్కు మోయగల మొత్తం బరువు 7,100 అని తలుపు మీద ఉంది, నాది 6,960 వచ్చింది. వెనక ఇరుసు హద్దు 4,150. పెద్దమ్మాయి చీటీ చేతిలో పట్టుకుని, ఇంకా 140 ఉంది కదా నాన్నా, నా సైకిల్ కూడా పెట్టుకుందాం అంటోంది. సైకిల్ 30 పౌండ్లు. పెట్టొచ్చా తాత గారూ?

ట్రెయిలర్ తాత:

పెట్టు. బెడ్‌లో ముందు వైపు, క్యాబిన్‌కి ఆనించి, పట్టీ వేసి గట్టిగా కట్టు.